కాగు అడుగున పిడికెడు జొన్నలు

మొన్న పొద్దున మా మనవరాలు ఫోన్లో ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కింది. సరుకులు ఇంటికి తెచ్చిపెట్టే యాప్ మొత్తం తెలుగులోకి మారి కూర్చుంది. ఇంగ్లీషు మీడియం పిల్ల, తెలుగు అక్షరాలంటే దానికి హడలు. "నానమ్మా, ఇదేంటో చదువు" అని నా ముక్కు కింద పెట్టింది. కళ్లజోడు సర్దుకుని చూస్తే 'మీరు అడిగిన సరుకు భర్తీ అయింది' అని ఉంది. "భర్తీ అంటే ఏంటి?" అంది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. అదేం పెద్ద ప్రశ్న కాదు. అయినా "పొయ్యి మీద పాలున్నాయి, తర్వాత చెప్తాలే" అని వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద పాలూ లేవు, పాడూ లేదు. ఆ మాట ఎక్కడ కనబడినా నాకిలాగే అవుతుంది. పేపర్లో 'ఖాళీల భర్తీ' అని చూసినా పేజీ తిప్పేస్తాను. నలభై ఏళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకున్న రోజుల్లో, ఆ మాట పట్టుకుని ఒక పెద్దావిడకు పాఠం చెప్పబోయాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు.

అప్పుడు మాకు కొత్తగా పెళ్లయింది. మావారికి ఇక్కడ ఉద్యోగం, నాకు మూసారాంబాగ్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు పని. మాది గుంటూరు వైపు. తెలుగంటే మాదే తెలుగు, శుభ్రమంటే మాదే శుభ్రం అనే పొగరు మూటగట్టుకుని బస్సు దిగినదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ ఇప్పటిలా కాదు. మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతే సగం కాలనీ, సగం చేను. ఎటు చూసినా సున్నంతో గీసిన ప్లాట్లు, హద్దురాళ్లు, కంకర కుప్పలు, పునాదుల గోతుల్లో నిలిచిన నీళ్లు. ఇవాళ నడిచిన అడ్డదారి రేపటికి గోడ అయిపోయేది. మావారు ఒకసారి ఊరెళ్లి పదిహేను రోజులకు తిరిగొచ్చి, సొంత ఇంటికి దారి తెలియక పెట్టె పట్టుకుని పక్క కాలనీలో అరగంట తిరిగారు. "నేను ఊరెళ్లానా, ఊరే లేచి ఎటైనా వెళ్లిందా?" అని ఆయన వాపోయారు. స్కూలు నుంచి ఇంటికొచ్చేసరికి చీర కుచ్చిళ్ల నిండా ఎర్రదుమ్ము. ఆ దుమ్ము వదిలించుకోవడమే నాకు రెండో ఉద్యోగం.

మేముండేది రెండు గదుల పోర్షన్. దాన్ని ఆనుకుని పాత పెంకుటిల్లు, అది ఇంటావిడది. నేను ఆమెను "పెద్దమ్మగారూ" అనేదాన్ని. ఆమె నన్ను "టీచరమ్మ" అనేది, మనసు బాగున్న రోజు "బిడ్డా" అనేది. ఆ చుట్టూ లేచిన కాలనీ అంతా ఒకప్పుడు వాళ్ల భూమే. పెద్దాయన ఉండగానే ప్లాట్లు చేసి అమ్మేశారట, ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆయన పోయారు. ఉన్న ఒక్క కొడుకూ ప్లాట్ల వ్యాపారంలోకి దిగి మెయిన్ రోడ్డు పక్కన డాబా కట్టుకున్నాడు. తల్లిని రమ్మంటే "నాకు మెట్లెక్కుడు రాదు, పోరా" అని ఆమె నాలుగు కోళ్లతో ఆ పెంకుటింట్లోనే ఉండిపోయింది. తెల్లారితే ఆమె జొన్నరొట్టె తట్టే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. పెనం మీద రొట్టె కాలే వాసన గోడ దాటి వచ్చేది. అప్పుడప్పుడూ రొట్టె కూడా వచ్చేది, పైన ఎర్రకారం వేసి. "బువ్వ తిని తిని మెత్తగైనవ్ బిడ్డ, జర రొట్టె తిను, బలమొస్తది" అని నవ్వేది. నేను తిన్నట్టు నటించి మావారి పళ్లెంలోకి తోసేదాన్ని. ఆయన సుబ్బరంగా తినేవారు.

మా ఇద్దరికీ పేచీ నీళ్ల దగ్గర. కాలనీకి ఇంకా పంపునీళ్లు రాలేదు, పెరట్లో బావి ఒక్కటే దిక్కు. నేను కడిగిన గిన్నెలే మళ్లీ కడిగే రకం. ఆమె అరుగు మీద కూచుని చూసి చూసి, "ఊకె కడుగుడేనా బిడ్డ? బాయిల నీళ్లు అడుగంటినయ్, ఏం చేద్దామని?" అనేది. కోపంగా అనేది కాదు, కానీ నాకు ఒళ్లు మండేది. అద్దె కడుతున్నాం కదా, నీళ్లకి కూడా ఈ సతాయింపేంటి అని లోపల్లోపల గొణుక్కునేదాన్ని. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పనిలో ఆ గొణుగుడు కూడా ఉంది. లేదని బుకాయిస్తే ఇదంతా రాయడం దండగ.

ఆమె నడిమింట్లో నడుమెత్తు మట్టి కాగు ఒకటి ఉండేది. మూతి మీద చెక్కపలక, దాని మీద ఇటుక. ఏడాది పొడుగునా ఇంటికి కావలసిన జొన్నలు అందులోనే. రెండు మూడు నెలలకోసారి కొడుకు చంపాపేట్ బజారులో కొన్న బస్తా పంపితే ఆమె తనే వంగి పోసుకునేది. ఒకరోజు నేను గిన్నె తిరిగివ్వడానికి వెళ్లినప్పుడు కొడుకు అక్కడే ఉన్నాడు. "జొన్నలు పంపియ్యిరా, కాగు భర్తి జెయ్యాలె" అంటోంది ఆమె. నేను ఊరుకోవచ్చు కదా? "పెద్దమ్మగారూ, భర్తీ అనేది తెలుగు మాట కాదండీ, ఉర్దూ. నింపడం అనాలి" అన్నాను. నన్ను అడిగిందెవరు? ఎవరూ అడగలేదు. క్లాసులో పిల్లల ముందు నిలబడ్డట్టు నిలబడి మరీ చెప్పాను.

ఆమె నొచ్చుకోలేదు. పక్కింటి చిన్నపిల్ల తప్పు లెక్క చెబితే సరిదిద్దినట్టు, మెల్లగా చెప్పింది. "నింపుడు వేరు బిడ్డ, భర్తి వేరు. వట్టిదాన్ని నింపుతరు. ఉన్నదాన్ని భర్తి జేస్తరు."

"అమ్మా, టీచరమ్మతోని నీకేంది లొల్లి" అని కొడుకు నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మావారికి చెప్పి ఇంకాస్త నవ్వాను. ఆయన పేపరు దించకుండానే, "ఖాళీల భర్తీ అని రోజూ వేస్తూనే ఉన్నాడుగా. అది తెలుగు కాకపోతే నేను ఏ భాషలో అప్లికేషన్లు పెట్టి ఈ ఉద్యోగం తెచ్చుకున్నట్టు?" అన్నారు. "పేపరువాళ్లకేం తెలుసు" అని కసురుకున్నాను. ఆయన ఇంకోటి కూడా అన్నారు. "పెద్దావిడ చెప్పింది సరిగ్గానే ఉందే. ఆఫీసులో నలుగురు ఉంటేనే కదా అయిదో కుర్చీని భర్తీ చేసేది. అసలెవరూ లేకపోతే దాన్ని ఆఫీసే అనరు." అప్పుడు వినలేదు. ఆయన చెప్పిన చాలా మాటలు అప్పుడు వినలేదు లెండి.

ఆ వేసవిలోనే ఆమె తమ్ముడికి జబ్బు చేసిందని బాటసింగారం నుంచి కబురొచ్చింది. అది ఆమె పుట్టిల్లు. వెళ్తూ వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టింది. "బేస్తారం నాడు మావోడు బస్తా దింపి పోతడు. జర కాగు భర్తి జెయ్యి బిడ్డ. అడుగున పిడికెడు ఉంటయ్, అవి కదిలియ్యకు. మీదికెళ్లి వొయ్యి, నాలుగు వేపాకులు ఎయ్యి." కొడుక్కి చెప్పొచ్చు కదా అన్నాను. "వానికి ప్లాట్లు గీసుడెర్క గని గీ ముచ్చట ఏమెర్క? నువ్వయితే సదువుకున్నదానివి, చెప్పింది చెప్పినట్టు చేస్తవ్" అంది. కోళ్లకు గింజలు వేయడం మర్చిపోవద్దని చెప్పి, కొంగు నడుముకి దోపుకుని బస్సుకి పోయింది.

చెప్పింది చెప్పినట్టు చేస్తానని నన్ను నమ్మింది. గురువారం బస్తా దిగింది. పలక తీసి కాగులోకి తొంగిచూశాను. అడుగున బూడిద పూసుకుని, రంగు పోయిన పిడికెడు జొన్నలు, వాటి మధ్య ఎండిన వేపాకుల పొడి, రెండు మూడు పురుగులు. ఛీ అనిపించింది. ఈ పురుగుల మీదా కొత్త సరుకు పోసేది? అసలే ఇంటావిడ నీళ్ల పేచీలతో విసిగి ఉన్నాను. అడుగుది కదిలించకు అన్న మాట బాగా గుర్తుంది. మర్చిపోయానని చెప్పడానికి వీల్లేదు. మూఢనమ్మకం అనుకున్నాను, ఇవాళ నేనంటే ఏంటో చూపిస్తాను అనుకున్నాను. కాగుని దొర్లించుకుంటూ పెరట్లోకి తెచ్చి బోర్లించాను. కోళ్లు నాలుగూ పరిగెత్తుకొచ్చాయి. నేను కొంగు బిగించుకుని చేద బావిలో వేసేలోపు అక్కడ ఒక్క గింజ మిగల్లేదు. కాగుని బకెట్ల మీద బకెట్లు పోసి కడిగాను. ఎవరు అడ్డమొస్తారు? ఎండలో ఆరబెట్టాను, లోపల పొడిగుడ్డతో తుడిచాను, తర్వాత తళతళలాడే చంపాపేట్ బజారు జొన్నలు అంచుదాకా పోశాను. సాయంత్రం మావారిని పిలిచి చూపించాను కూడా. "కదిలించొద్దన్నదిగా" అన్నారాయన. "వచ్చి చూసి మురిసిపోతుంది చూడండి" అన్నాను.

ఎనిమిది రోజులకు వచ్చింది. తమ్ముడు దక్కాడట, మొహం తేటగా ఉంది. కాళ్లు కడుక్కుని నేరుగా నడిమింట్లోకి పోయి పలక తీసింది. నేను పక్కనే నిలబడ్డాను, కడిగిన సంగతి గొప్పగా చెబుదామని నోరు తెరిచాను కూడా. ఆమె అప్పటికే రెండు చేతులూ జొన్నల్లో పెట్టి మాట్లాడుతోంది. అంతవరకూ ఎప్పుడూ చెప్పని ముచ్చట అది.

"మీరుండే గీ పోర్షన్, ఆ వెనక ఇండ్లు, గంతా మా చెల్కనే బిడ్డ. పెద్దాయన ప్లాట్లు గీపిచ్చిన ఏడు ఆఖరి పంట గిందులనే వోసిన. మా అత్త చేతి జొన్నలు అప్పటికే అడుగున ఉండె. ఎన్నడు కాగు వట్టిగ కానియ్యలె. పిడికెడుంచి మీదికెళ్లి వోస్త, కలుపుత. ఇంట్ల పెరుగు తోడు ఉంచుకుంటం గద, గట్లనే. ఇప్పుడు బజార్ల కొన్నయే వోస్తున్న, ఏం చేస్తం. మీద ఏది వోసినా అడుగున మనది ఉండాలె." అని నా వైపు తిరిగింది. "అడుగుది ముట్టలే గద బిడ్డ?"

పెరట్లో కోళ్లు కక్కక్కమంటున్నాయి. వాళ్ల చెల్క భూమంతా పోగా మిగిలింది ఆ పిడికెడు. దాన్ని నేను వాటికి మేపాను. "లేదు పెద్దమ్మగారూ" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. "మా బిడ్డవు" అని ఆమె నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఆ రోజు నేను అన్నం తినలేదు. మావారు అంతా విని, "పోయి చెప్పెయ్, తిడితే తిడుతుంది" అన్నారు. తిడుతుందని కాదు నా భయం. తిట్టదని భయం. ఆ కాగు పక్కన కూలబడి ఏమీ అనకుండా కూచుంటుందని భయం. రేపు చెబుతానన్నాను. ఆ తర్వాత ఆమె నీళ్ల గురించి ఎన్ని అన్నా నేను ఒక్కమాట గొణగలేదు. "టీచరమ్మ శానా మారింది" అని కొడుకుతో మెచ్చుకుందట.

రెండేళ్లకు ఎల్బీనగర్‌లో మాకో చిన్న ప్లాటు కుదిరి, రెండు గదులు లేపుకున్నాం. చుట్టూ ముళ్లకంపలు, దూరంగా హైవే మీద లారీల మోత. గృహప్రవేశానికి ఆమె కొడుకు స్కూటరు వెనక కూచుని వచ్చింది. అందరూ స్టీలు గిన్నెలు, దేవుడి పటాలు తెచ్చారు. ఆమె కొంగు ముడి విప్పి పిడికెడు జొన్నలు తీసింది. కొత్త బస్తా రాకముందు కాగులోవి రెండు చేతులా తోడి, అడుగు దాకా పోయి తెచ్చిందట. "మా చెల్కయి. మా అత్త నాకిచ్చింది, నేను నీకిస్తున్న. నా కోడలికి డబ్బాలు కావాలె, గియ్యి వద్దు. నీ ఇంట్ల ఎన్నడు వట్టిగ కానియ్యకు" అంది. దోసిలి పట్టాను. అప్పుడైనా చెప్పొచ్చు. చుట్టూ చుట్టాలున్నారని, శుభమా అని ఇల్లు కట్టుకున్నామని, ఏవో సాకులు. జొన్నలు నా దోసిట్లో పడుతుంటే ఆమె మొహం చూడకుండా తల వంచుకున్నాను. భక్తి అనుకుంది పాపం. ఆమెకు తెలిసే ఉంటుందని, తెలిసీ క్షమించిందని కొన్నాళ్లు నన్ను నేను ఊరడించుకున్నాను. అదంతా వట్టిది. ఆమెకు తెలియదు. నన్ను నమ్మింది, నమ్మబట్టే ఇచ్చింది.

ఆ జొన్నల్ని ఒక స్టీలు డబ్బాలో వేసి ఉంచాను. జొన్నరొట్టె నేర్చుకున్నాను. పిడికెడు మిగలగానే పైన పోయడం, వేపాకు వేయడం, అన్నీ ఆమె చెప్పినట్టే. ఆ ఒక్కసారి తప్ప అన్నిసార్లూ చెప్పింది చెప్పినట్టు చేశాను. కొన్నేళ్లకు ఆమె పోయింది. చివరి రోజుల్లో దవాఖానాలో చూడ్డానికి వెళ్లాను, చెయ్యి పట్టుకుని కూచుని చెప్పకుండానే తిరిగొచ్చాను. పోయిన కొన్నాళ్లకు కొడుకు మా ఇంటి ముందు స్కూటరు ఆపాడు. నడివయసు మనిషి, ప్లాట్ల వ్యాపారంలో ఆరితేరినవాడు, గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పడానికి మొహమాటపడుతున్నాడు.

"పాత ఇల్లు కూలగొట్టేటప్పుడు కాగు పల్గింది టీచరమ్మ. అండ్ల జొన్నలు కూలోళ్లు ఎటు పారవోసిన్రో తెల్వది. అమ్మ మీకో పిడికెడు ఇచ్చింది గద, ఇంక ఉన్నయా?" అన్నాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, "గంత చెల్క అమ్మినం. ఇప్పుడు నా దగ్గర దాని మన్ను గూడ లేదు" అన్నాడు.

అప్పుడు చెప్పాలంటే ఇంకా కష్టమైంది. చెబితే ఆయనకు ఉన్న ఆ ఒక్క ఆశా పోతుంది. చెప్పకపోతే నా పరువు నిలుస్తుంది. ఈ రెంటిలో ఆయన కోసమే చెప్పలేదని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, రెండోదే ముందు తోచింది. డబ్బా తెచ్చి మూత తీశాను. ఆయన దస్తీ పరిచాడు. పిడికెడు పోశాను. ముడి వేసి కళ్లకద్దుకున్నాడు. చంపాపేట్ బజారు జొన్నలని.

రిటైరయ్యాక తీరిగ్గా నిఘంటువు తీసి ఆ మాట వెతికాను. భర్తీ అంటే నింపడం, తక్కువైనదాన్ని పూరించడం. హిందీ, ఉర్దూల్లోని 'భర్నా' నుంచి వచ్చిందట. ఆ భర్నా వెనక్కి పోతే సంస్కృతంలో 'భృ' ధాతువు, మోయడం, పోషించడం అని అర్థం. మనం రోజూ అనే భారం, భరించడం, భరణం, అన్నీ ఆ కడుపునే పుట్టాయి. ధాతువులు బట్టీపట్టి పరీక్షలు పాసైనదాన్ని, ఇంట్లో మనిషిని పట్టుకుని పరాయిదన్నాను. సరే, ఆ తప్పుకి సిగ్గుపడి ఊరుకోవచ్చు. కానీ వట్టిదాన్ని నింపుతారు, ఉన్నదాన్ని భర్తీ చేస్తారు అని ఆమె చెప్పిన తేడా మాత్రం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. అది ఆమె నోట్లో ఉండేది, ఆమె కాగులో ఉండేది. నేను ఆ కాగుని నింపాను.

పోయిన వేసవిలో, చంపాపేట్‌కు మారిన ఆ కొడుకు ఇంట్లో మనవరాలి పెళ్లి. ఆయనకిప్పుడు ఎనభై దగ్గరికొచ్చాయి, చేతికర్ర పట్టుకున్నాడు. మమ్మల్ని ముందు వరసలో కూచోబెట్టాడు. అప్పగింతలకు ముందు దేవుడి గదిలోంచి రాగి చెంబు తెప్పించి, అందులోంచి పిడికెడు జొన్నలు తీసి పెళ్లికూతురి కొంగున కట్టాడు. "గివి మా తాతల చెల్కయి బిడ్డ. మేమందరం పోగొట్టుకున్నం. గీ టీచరమ్మ కాపాడింది" అని నా వైపు చెయ్యి చూపించాడు. పందిట్లో అందరూ తిరిగి చూశారు. ఆ పిల్ల వచ్చి పట్టుచీరతో వంగి నా కాళ్లకు దండం పెట్టింది. భూమి చీలితే బాగుండు అని ఊరికే అనరు. మావారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆయనొక్కరికే తెలుసు. నేను ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి దీవించాను. ఏ మొహం పెట్టుకుని దీవించానో నాకే తెలియదు.

నిన్న మనవరాలు వదలకుండా మళ్లీ అడిగింది, "నానమ్మా, పాలు కాగాయా? భర్తీ అంటే ఏంటో ఇప్పుడైనా చెప్పు" అని. పెద్దమ్మగారు చెప్పినట్టే చెప్పాను, ఎవరు చెప్పారో కూడా చెప్పాను. "భలే ఉందే, ఆవిడ ఇంకేం చెప్పింది?" అంది. 'అడుగుది ముట్టలే గద' అని అడిగిందని, దానికి నేను ఇచ్చిన జవాబేంటో మాత్రం చెప్పలేకపోయాను. అందుకే ఇలా కూచుని రాస్తున్నాను. ఇది పూర్తయ్యాక చంపాపేట్ తీసుకెళ్లి ఆ కొడుకు చేతికివ్వాలని ఉంది. రేపు వెళ్దామా అని మావారు అడిగారు. రేపు అనే మాట నేను ఆ పెంకుటింటి నడిమింట్లో నిలబడ్డ రోజు నుంచీ అంటూనే ఉన్నాను. నలభై ఏళ్ల కాలం మీదికెళ్లి ఎంత పోసినా, అడుగున ఉన్నది నా అబద్ధమే.